సుద్దగీతల పడవ

రైలు పట్టాలు తప్పినా, పడవ ఒరిగినా, విమానం చక్రం ఊడినా ముందుగా పరుగెత్తుకొచ్చే వాళ్లు కొందరుంటారు. వాళ్లు ప్రాణాలు కాపాడతారు, వాళ్లకు చేతులెత్తి మొక్కాలి. ఆ హడావిడంతా సద్దుమణిగాక, చూడవచ్చిన జనం ఇళ్లకు పోయాక, వంగిపోయిన ఇనుము పక్కన గొంతుక్కూర్చుని "ఇది ఎలా జరిగింది?" అని చూసేవాళ్లు ఇంకొందరు. వాళ్లను గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోరు. చెప్పుకోవాలి. అందులోనూ సుద్ద మేడం గురించి చెప్పుకోకపోతే ఇంకెవరి గురించి చెప్పుకుంటాం?

ఆమెకు కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది. జీతం కాగితం మీద తప్ప దానికెక్కడా పని పడలేదు. రైలు షెడ్డులో ఫిట్టరు దగ్గర్నుంచి విమానాశ్రయంలో పెద్ద అధికారి దాకా అందరికీ ఆమె సుద్ద మేడమే. ఎందుకంటే ఆమె భుజాన వేలాడే సంచిలో కెమెరా ఉండేది, టేపు ఉండేది, టార్చిలైటు ఉండేది, వీటన్నిటి అడుగున గుప్పెడు సుద్దముక్కలుండేవి. మిగతావాళ్లు కెమెరా తీసే చోట ఆమె సుద్ద తీసేది.

ఆ సుద్ద పుట్టింటి నుంచి వచ్చింది. వాళ్లమ్మ దర్జీ. ఇరుకు వీధిలో ఒకే గది, కిటికీ దగ్గర కుట్టు మిషను, నేలంతా గుడ్డ పీలికలు. తల్లి బట్ట పరిచి దర్జీ సుద్దబిళ్లతో ఒక్క ఊపున గీత గీస్తుంటే పిల్ల నోరు తెరుచుకుని చూసేది. ఎంత బాగా గీసినా సరే, ఆ తల్లి కొలతలను నమ్మేది కాదు. పచ్చి కుట్లు వేసి, చొక్కా తొడుక్కోబోయే మనిషిని పిలిచి తొడిగేది. "చెయ్యెత్తు నాయనా. వంగు. నీ సైకిలు ఎలా తొక్కుతావో అలా ముందుకు వాలు" అనేది. అప్పుడుగానీ దాన్ని మిషను మీదకు ఎక్కించేది కాదు. ఆ పిల్ల పెద్దదై, ఇంజనీరింగు చదివి, ప్రమాదాలపై విచారణ చేసే ఆఫీసులో చేరాక కూడా ఆ పద్ధతి వదల్లేదు. ప్రమాదం జరిగిన చోటును ఉన్నంత పరిమాణంలో నేల మీద సుద్దతో గీసేది. అందులో ఆ పనివాళ్లనే నిలబెట్టి, "ప్రమాదం సంగతి వదిలేయండి. రోజూ ఎలా చేస్తారో అలా చేసి చూపించండి" అనేది.

"నేను గీస్తే చొక్కా అవుతుంది. నువ్వు గీస్తే ఏమవుతుందే?" అని తల్లి దెప్పేది.

"నేను గీస్తే ఇంకో చొక్కా చిరగకుండా ఉంటుందమ్మా" అనేది కూతురు.

ఆ ఆఫీసులో రైళ్ల గది, ఓడల గది, విమానాల గది వేర్వేరుగా ఉండేవి. ఎవరి గది వాళ్లకు గొప్ప. రైళ్ల గదిలో ఉండే సీనియరును అందరూ పట్టాల బాబాయి అనేవారు. "మా రైలు నయమమ్మా, పోతే పట్టాల మీదే పోతుంది. మీ పడవ ఎటు పోతుందో దానికే తెలియదు. ఇక వాళ్ల విమానమంటావా, ఆ ఊసే ఎత్తకు" అని హేళన చేసేవాడు. ఆ మూడు గదుల్లోనూ కూర్చుని పనిచేసి, మూడింట్లోనూ శభాష్ అనిపించుకున్నది ఆమె ఒక్కతే.

రైలు సంగతే చూడండి. ఎర్ర సిగ్నలు దాటి పోయాడని ఒక డ్రైవరును అందరూ దుమ్మెత్తిపోశారు. ఆమె ప్లాట్‌ఫారం మీద ఇంజను గీసి, అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, తానూ పక్కనే కూర్చుంది. తేలిందేమిటంటే, కొత్తగా కట్టిన వంతెన మెట్లు సిగ్నలుకు అడ్డొస్తున్నాయి. పొడుగు డ్రైవర్లకు అది కనిపిస్తోంది, పొట్టివాడైన ఇతనికి కనిపించడం లేదు. సిగ్నలు జరిపారు. విమానం సంగతీ అంతే. నేల మీద ఉన్నప్పుడు చక్రం ముడుచుకోకుండా పెట్టే పిన్ను తీయకుండానే ఎగరేశారని మెకానిక్కు మీద విరుచుకుపడ్డారు. పిన్నుకు కట్టిన ఎర్ర రిబ్బను ఎండకు వెలిసి విమానం రంగులోనే కలిసిపోయిందని కనిపెట్టింది ఆమె. రిబ్బన్లు మార్చారు. ఆ డ్రైవరూ, ఆ మెకానిక్కూ ఎవరన్నది నివేదికలో ఎక్కడా ఉండదు. ఆ ఆఫీసు కట్టుబాటు అది. డ్రైవరు, మెకానిక్కు, అంతే. తప్పు ఎవరిదో తేల్చడానికి వేరే చోట్లున్నాయి, మనం తేల్చాల్సింది మళ్లీ జరగకుండా ఏం చేయాలన్నదే అని ఆమె కొత్తగా చేరినవాళ్లకు నూరిపోసేది.

ఇవన్నీ ఒక ఎత్తు, లాంచీ కేసు ఒక ఎత్తు. ఎందుకంటే అందులో తప్పు చేసినవాడు ముందే ఒప్పేసుకున్నాడు.

జనాన్ని ఒడ్డు నుంచి ఒడ్డుకు చేరవేసే లాంచీ అది. కొత్తది, తళతళలాడుతోంది. రేవు దగ్గరకొచ్చి నెమ్మదించాల్సింది పోయి, ఒక్కసారిగా ముందుకు దూకి గట్టును గుద్దింది. దిగడానికి లేచి నిలబడ్డ జనం ఒకరి మీద ఒకరు పడ్డారు. ప్రాణం పోలేదు గానీ కాళ్లూ చేతులూ విరిగాయి. ముందు వరసలో నిలబడ్డ ఒక బడిపిల్లకు మోచెయ్యి విరిగింది. లాంచీ ముక్కూ, పైన సరంగు నిలబడే గదీ నుజ్జునుజ్జయ్యాయి. నడిపిన సరంగు పెద్దవాడు, రేవులో పేరున్నవాడు. దెబ్బలతోనే లేచి, పోలీసు వచ్చేలోపే అందరి ముందూ చెప్పేశాడు. "నా చెయ్యే. వెనక్కి లాగాల్సిన పిడిని ముందుకు తోశాను." ఇంజను నడిచిన తీరును గుర్తుపెట్టుకునే యంత్రం విప్పి చూస్తే అందులోనూ "ముందుకు" అనే ఉంది. ఇక అనుమానానికి చోటేముంది? నివేదిక ముగిసిన మర్నాడే సరంగు లైసెన్సు శాశ్వతంగా రద్దు చేయడానికి రేవు అధికారులు సిద్ధంగా ఉన్నారు.

డైరెక్టరు ఆమెను పిలిపించాడు. మంచివాడే, కాస్త తొందర మనిషి.

"ముగించేద్దామమ్మా. తన నోటితో తానే ఒప్పుకున్నాడు. ఇంకా తవ్వితే ఏమొస్తుంది?"

"ఏం జరిగిందో ఆయన చెప్పారు సార్. ఎందుకు జరిగిందో ఎవరూ చెప్పలేదు."

"చెయ్యి తడబడింది. వయసు."

"వయసు సరిగ్గా ఆ రోజు పొద్దున్నే వచ్చిందా సార్?"

డైరెక్టరుకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. "నీతో వాదించలేను. వారం చూడు. ఏమీ తేలకపోతే సంతకం పెట్టు" అన్నాడు.

ఆమె సరంగు ఇంటికి వెళ్లింది. తలుపు తీసిన భార్య గొంతు తగ్గించి, "ఆ కిటికీ లోంచి నీళ్లు కనిపిస్తాయమ్మా. ఇన్నేళ్లూ అక్కడే కూర్చుని కాఫీ తాగేవారు. ఇప్పుడు కుర్చీ గోడ వైపు తిప్పుకున్నారు" అంది.

సరంగు లేవబోయాడు. ఆమె వద్దంది. నేల మీదే చాప లాక్కుని కూర్చుంది.

"రాసుకోండమ్మా" అన్నాడు ఆయన. "చెయ్యి నాది, లాంచీ నాది. ఇంకొకరి మీదకు నెట్టే రకాన్ని కాదు."

"ఆ మాట మీకు గౌరవమే బాబాయ్. నేను కాదనను. కానీ అచ్చం అలాంటి లాంచీలే ఇంకా కొన్ని తిరుగుతున్నాయి. వాటి మీద మీరు లేరు, మీ చెయ్యీ లేదు. రేపు వాటిలో ఒకటి ఇలాగే దూకిందనుకోండి. అప్పుడు ఒప్పుకోవడానికి ఎవర్ని వెతకమంటారు?"

ఆయన కుర్చీని కాస్త, కాస్తంటే కాస్తే, కిటికీ వైపు జరిపాడు.

"నన్నేం చేయమంటావ్?"

"మా ఆఫీసు పెరట్లో ఒక లాంచీ గీస్తాను. వచ్చి నడపాలి."

"గీసిన లాంచీయా!" సరంగు భార్య వైపు చూశాడు. "చివరికి నా బతుకు ఇలా అయిందే. నేల మీద లాంచీ నడపాలిట."

మర్నాడు పొద్దున పెరటి గచ్చు కడిగించి ఆమె గీతలు మొదలుపెట్టింది. లాంచీ కట్టినవాళ్ల దగ్గర్నుంచి తెప్పించిన పటం పక్కన పెట్టుకుని, సరంగు గదిని అంగుళం తేడా రాకుండా గీసింది. చుక్కానికి ఒక స్టూలు. ఇంజను పిడికి ఇంకో స్టూలు, దాని మీద ఖాళీ నీళ్లసీసా. ఆ కొత్త లాంచీలో ఎడమ కిటికీ కింద రెండో పిడి కూడా ఒకటి ఉంది, పక్కనుంచి నడపాల్సి వస్తే పనికొస్తుందని పెట్టారు. దానికీ ఒక స్టూలు, ఒక సీసా. కిటికీలు ఉండే చోట్ల క్యాంటీను బల్లలు నిలబెట్టించింది. పట్టాల బాబాయి గోడకానుకుని టీ తాగుతూ, "టిక్కెట్టు ఎక్కడివ్వాలమ్మా? ఈత రానివాళ్లను ఎక్కనిస్తారా?" అని అడిగాడు.

"మీలాంటి వాళ్లకు లైఫ్ జాకెట్టు తప్పనిసరి బాబాయ్. అలా పక్కకు జరగండి, నీళ్లలో నిలబడ్డారు" అంది ఆమె.

సరంగు వచ్చాడు. మొదట సిగ్గుపడ్డాడు. సుద్దగీత దాటేటప్పుడు మాత్రం అలవాటు కొద్దీ తలవంచి అడుగుపెట్టాడు, పైన గుమ్మం ఉన్నట్టు. అది చూసి పట్టాల బాబాయి నవ్వడం మానేసి టీ గ్లాసు కింద పెట్టాడు.

"రేవు వస్తోంది. రోజూ ఎలా చేస్తారో అలాగే."

సరంగు ఎడమ చేత్తో చుక్కాని పట్టుకుని, కుడి చేయి పిడి మీద వేశాడు. సీసా వెనక్కి లాగాడు. మళ్లీ చేయించింది. మళ్లీ వెనక్కే. ఎన్నిసార్లు చేసినా చెయ్యి ముందుకు పోనే లేదు. "ఇప్పుడు ఆలోచించి చేస్తున్నాను కదమ్మా. ఆ రోజు ఆలోచించి ఉండను" అని ఆయనే తన మీద తాను నేరం మోపుకున్నాడు.

ఆమె చూస్తున్నది చేతిని కాదు, మెడను. పిడి మీద చెయ్యి వేశాక ఆయన ప్రతిసారీ ఒక క్షణం ఆగుతున్నాడు. చెవి పక్కకు వాలుస్తున్నాడు.

"ఎందుకాగారు?"

"ఎక్కడాగాను?"

"ఆగారు బాబూ, నేనూ చూశాను" అన్నాడు పట్టాల బాబాయి.

సరంగు మళ్లీ చేసి చూసుకున్నాడు. తానే నవ్వేశాడు. "ఆగనా మరి? వాడింకా అరవలేదుగా!"

"ఎవరు?"

"మైకు."

పెరట్లో ఉన్నవాళ్లంతా ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అప్పటిదాకా ఏ వాంగ్మూలంలోనూ సరంగు పక్కన అరిచే మనిషి లేడు.

"మాకు ఈ మైకు గురించి చెప్పనేలేదే!" అంది ఆమె.

"చెప్పులేసుకుని లాంచీ ఎక్కానని కూడా చెప్పలేదు కదమ్మా" అన్నాడు ఆయన అమాయకంగా.

సంగతి ఇదీ. పాత లాంచీల్లో రేవు దగ్గర పడేటప్పుడు ఒక మనిషి సరంగు పక్కకొచ్చి, కిటికీ లోంచి నడుం దాకా బయటికి వంగి, గట్టు ఎంత దూరముందో, తగిలేదాకా మళ్లీ మళ్లీ గొంతెత్తి చెప్పేవాడు. ఆ గొంతు వల్లే అతనికి మైకని పేరొచ్చింది. కొత్త లాంచీలో దూరం చూపించే గడియారం లాంటిది బిగించి, ఆ పని తీసేశారు. మైకును కిందకు, తాళ్ల దగ్గరకు పంపారు. కానీ సరంగుకు ఆ ముల్లు మీద నమ్మకం లేదు, మైకు గొంతు మీద ఉంది. అందుకని రేవు రాగానే మైకు పైకొచ్చి రెండు మూడుసార్లు అరిచి, మళ్లీ కిందకు దూకి తాళ్లు పట్టుకునేవాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ వద్దనలేదు. విచారణలో అతన్ని తాళ్ల గురించే అడిగారు, అతను తాళ్ల గురించే చెప్పాడు.

మైకును పిలిపించారు. భారీ మనిషి, గొంతు అంతకన్నా భారీ. సుద్దగీతల ముందు నిలబడి, "నేనెక్కడుండాలి సరంగన్నా?" అంటే ఆఫీసు మేడ మీద వాళ్లు కూడా తొంగిచూశారు.

"రోజూ ఎక్కడుంటావో అక్కడే ఉండరా."

మైకు కుడి కిటికీ దగ్గరకు వెళ్లాడు. అక్కడ స్టూలూ లేదు, సీసా లేదు. వంగాడు, అరిచాడు. సరంగు పిడి వెనక్కి లాగాడు. అంతా సవ్యంగా ఉంది. ఆమె ముఖంలో ఏమీ కదల్లేదు.

"ఆ రోజు కూడా కుడివైపేనా?"

మైకు బుర్ర గోక్కున్నాడు. "కాదండి. ఆ రోజు రేవు ఆ పక్క రిపేరు చేస్తున్నారు. కొత్త లాంచీకి మొదటిసారి ఎడమ పక్క గట్టుకు ఆనించాం."

"అయితే అటు వెళ్లండి."

మైకు ఎడమ కిటికీ దగ్గరకు నడిచాడు. బల్ల మీదుగా వంగి, గట్టు చూడడానికి ఒళ్లు ముందుకు తిప్పి, ఊపిరి పీల్చి అరిచాడు. సరంగు తన పిడి వెనక్కి లాగాక, మిగిలిన దూరం చెప్పడానికి మైకు ఇంకాస్త వంగి మళ్లీ అరిచేసరికి అతని తుంటి తగిలి అక్కడి సీసా ఒరిగింది. స్టూలు మీద నుంచి గచ్చు మీద పడి దొర్లింది. ఆమె లాంచీ ముక్కును ఎటు గీసిందో సరిగ్గా అటే.

అరుపు ఆగిపోయింది. సీసా దొర్లుతున్న చప్పుడు ఒక్కటే వినిపించింది. మైకుకు ఏమీ తెలియలేదు. "తీసి పెట్టమంటారా అండి?" అన్నాడు.

"ఎవరూ ముట్టుకోకండి" అంటూ ఆమె మోకాళ్ల మీద కూర్చుని, సీసా చుట్టూ సుద్దతో గీత గీసింది.

ఆ గీతతోనే గెలిచానని చంకలు గుద్దుకునే మనిషి కాదామె. గచ్చు మీద జరిగింది నీళ్ల మీద జరగాలి కదా. అలాంటిదే ఇంకో లాంచీని రేవులో గట్టిగా కట్టించి, దాన్ని కట్టిన ఇంజనీరును రప్పించింది. ఆ రెండు పిడుల్లో ఏది చివరగా కదిలితే ఇంజను దాని మాటే వింటుందని అతను చెప్పాడు, అది మంచి ఏర్పాటని కూడా అన్నాడు. ఆమె సరంగును పిడి దగ్గర నిలబెట్టి వెనక్కి లాగమంది. లాగాడు. ఇంజను ఎటు నడుస్తోందో చూపే ముల్లు వెనక్కి తిరిగింది. తర్వాత మైకును ఎడమ కిటికీ లోంచి ఇంకా వంగి, మిగిలిన దూరం అరవమంది. వంగాడు. ముల్లు గిరుక్కున ముందుకు తిరిగింది. కట్టిన తాళ్లు కిర్రుమన్నాయి. డైరెక్టరు కూడా అక్కడే ఉన్నాడు, పక్కనున్న కమ్మీ పట్టుకున్నాడు.

సరంగు ముల్లు వైపు చూశాడు. తన చేతి వైపు చూసుకున్నాడు. చెయ్యి పిడిని వెనక్కి లాగిపట్టుకునే ఉంది.

"వెనక్కే ఉందమ్మా" అన్నాడు. తన చెయ్యి తనకు తిరిగొచ్చినట్టు, ఎడమ చేత్తో దాన్ని పట్టుకున్నాడు.

అప్పటికి మైకుకు అర్థమైంది. అంత మనిషీ చతికిలబడిపోయాడు. "అన్నా! అయితే నేనేనా? ఆ పిల్ల చెయ్యి విరగ్గొట్టింది నేనేనా అన్నా? రాసుకోండమ్మా, నేనే..."

"నోర్ముయ్‌రా. నా లాంచీ మీద నిన్ను పైకి రమ్మన్నది నేను" అని సరంగు కసిరాడు.

"ఇద్దరూ ఆగండి!" అంది ఆమె. "ఒక ఒప్పుకోలుతోనే నా తల ప్రాణం తోకకొచ్చింది. రెండోది నాకొద్దు."

ఏడుస్తున్న మైకు కూడా ఫక్కున నవ్వాడు.

పడవల కంపెనీ మేనేజరు ఊరుకుంటాడా? వచ్చి బల్ల గుద్దాడు. "ఆ మనిషి పైకి రాకూడదని రూలుంది. రూలు తప్పాడు. అదే రాయండి!"

"రాస్తాను" అంది ఆమె నిదానంగా. "పని తీసేశారని రాస్తాను. ఆ పని అవసరం తీరిందో లేదో సరంగును అడగలేదని రాస్తాను. మనిషి వంగే కిటికీ కింద, ఏ మూతా లేకుండా, తుంటి ఎత్తులో పిడి పెట్టారని కూడా రాస్తాను. అన్నీ రాయమంటారా, కొన్నే రాయమంటారా?"

మేనేజరు గుద్దిన బల్లనే నెమ్మదిగా నిమిరి వెళ్లిపోయాడు.

అలాంటి లాంచీలన్నిటినీ ఆపించారు. పక్క పిడికి మూత వచ్చింది. సరంగు తన దగ్గరున్న మీట నొక్కి అప్పగిస్తే తప్ప అది పలకదు. కిటికీల దగ్గర పట్టుకోవడానికి గట్టి కమ్మీలు వచ్చాయి. దూరం చెప్పే మనిషికి మళ్లీ ఉద్యోగమూ, నిలబడే చోటూ రెండూ వచ్చాయి. నివేదికలో సరంగు పేరు లేదు, మైకు పేరు లేదు, ఆమె పేరు మాత్రం చివర సంతకంలో ఉంది. సరంగు లైసెన్సు ఎక్కడిది అక్కడే ఉంది. తొందర మనిషి డైరెక్టరు ఆఫీసంతటినీ పెరట్లోకి పిలిచి, వాన పడి సగం చెరిగిపోయిన ఆ లాంచీ పక్కన నిలబడి, "వారం చాలన్నది నేను. దాన్ని నేను వెనక్కి తీసుకుంటున్నాను. ఇకపై ఈవిడ సుద్ద కింద పెట్టేదాకా ఎవరూ కలం తీయకూడదు" అన్నాడు. పట్టాల బాబాయి అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఏ ఆఫీసులో ఎవరికి దక్కుతుందండీ అలాంటి మాట?

లాంచీలు మళ్లీ తిరగడం మొదలయ్యాక ఒక సెలవు రోజున ఆమె తల్లిని వెంటబెట్టుకుని అవతలి ఒడ్డుకు బయల్దేరింది. తల్లికి లాంచీ కొత్త. కూతురి చెయ్యి గిల్లినట్టు పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుంది.

"పైనెవడే ఆ అరుపులు?"

"మైకమ్మా. దూరం చెబుతున్నాడు."

"చెబితే చెప్పాడు గానీ చెవులు పోయాయి. గట్టుకు కొట్టుకోబోయే ముందు చెప్పు, సీటు పట్టుకుంటాను."

"అలాగే."

కాసేపయింది. మైకు అరుపు ఆగింది. తల్లి ఇంకా బిగుసుకునే ఉంది. "ఏమే, ఇంకా ఎంతసేపు? ఎప్పుడు తగులుతుంది?"

"కళ్లు తెరువమ్మా. జనం దిగిపోతున్నారు."

తల్లి కళ్లు తెరిచి చూసింది. లాంచీ గట్టు పక్కన ఆని ఉంది. తాళ్లు కట్టేశారు. ఎవరి భుజమూ ఎవరికీ తగల్లేదు. ఆవిడ లేచి, దిగే దారి వదిలేసి, నేరుగా పైమెట్ల దగ్గరకు నడిచింది. పైన సరంగు చుక్కాని దగ్గర నిటారుగా నిలబడి ఉన్నాడు.

"ఏం బాబూ," అంది ఆ దర్జీ తల్లి మెడ పైకెత్తి, "కుట్టు కనిపించకుండా కుట్టావే!"

సరంగు నోరు విప్పేలోపే ఎడమ కిటికీ లోంచి భారీ తల ఒకటి బయటికొచ్చింది. "అరిచింది నేనండీ అమ్మగారూ!" అన్నాడు మైకు. ఆ మాట రేవంతా వినబడింది.